పరజలను లేపిన హుస్సేన్ సాహెబ్

ముత్తుకూరులో హుస్సేన్ సాహెబ్ దూది ఏకి, పరుపులు కుట్టి బతికేవాడు. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్లకు నడిచేటప్పుడు దారిలో ఏ పిట్ట కనబడినా నిలబడిపోయేవాడు. భార్య సైదాబీకి అదో విసుగు. "పిట్టల్ని చూస్తా నిలబడితే పరుపు ఎవురు కుడతారయ్యా?" అనేది.

ఆ పిచ్చి ఉన్నవాళ్లు ఊళ్లో ఇంకో ఇద్దరున్నారు. ఒకరు బడిపంతులు విజయభాస్కర్, మరొకరు ఉప్పుటేట్లో చేపలు పట్టే గంగులయ్య. శుక్రవారం సాయంత్రాలు ముగ్గురూ బడి అరుగు మీద కూర్చుని, ఆ వారం ఎవరు ఏం చూశారో చెప్పుకునేవారు. పంతులు అదంతా ఒక నోటుబుక్కులో రాసేవాడు. హుస్సేన్ సాహెబ్‌కి చదువు రాదు గానీ ఆ పుస్తకంలో సగం ఆయన చెప్పిందే.

అరవై మూడులో, భాద్రపదం ఇంకా వెళ్లకముందే, ఒక బుధవారం పొద్దున ఉప్పు మళ్ల వెనకాల నీళ్ల మీద పరజలు కనబడ్డాయి. ఈ అడవి బాతులు ఏటా దసరా దాటాక గానీ రావు. మూడు నాలుగు వందలుంటాయి. ఎంత దూరం నుంచి ఎగిరి వచ్చాయో, చిక్కి సగమై ఉన్నాయి. పది అడుగుల దూరానికి పోయినా లేవలేదు. తల రెక్కలో దూర్చుకుని అలాగే తేలుతున్నాయి.

ఆ సంతోషం ఆయన నోట్లో దాగలేదు. ఆ మధ్యాహ్నం కట్టెల అడితి కామాక్షయ్య ఇంట్లో దూది ఏకుతూ చెప్పేశాడు. కామాక్షయ్య విని, "యాడ?" అన్నాడు.

"ఉప్పు మళ్ల ఎనక, మడచెట్ల కాడ."

శుక్రవారం పొద్దున మళ్లీ పనికి వెళ్తే కామాక్షయ్య వసారాలోకి వచ్చి కూర్చున్నాడు. "మా బామ్మర్ది నెల్లూరు నించి జీపులో వస్తాండాడు. ఇద్దరు స్నేహితులు గూడా. మూడు తుపాకులు. ఆదివారం పొద్దున్నే నువ్వే దారి చూపించాల హుస్సేనూ."

హుస్సేన్ సాహెబ్‌కి విల్లు తీగ మీద దెబ్బ తప్పింది. "సరేనయ్యా" అన్నాడు. తాను దేనికి ఒప్పుకున్నాడో ఇంటికి చేరాక గానీ ఆయనకు తెలిసిరాలేదు. అన్నం ముందు కూర్చుని కలిపింది కలిపినట్టే వదిలేశాడు.

సాయంత్రం అరుగు మీద విషయం చెప్పేసరికి పంతులు కలం మూసేశాడు.

"ఇక్కడ వేటాడకూడదని సర్కారు ఆంక్ష ఏమీ లేదు సాహెబ్. మనం అడ్డం పడితే వినరు."

"నా నోటితోనే చెప్పినాను అయ్యవారూ. చెప్పకుండా ఉండుంటే..."

"లేపేద్దాం" అన్నాడు గంగులయ్య. "ఆళ్లు రాకముందే పడవ మీద పోయి తోలేద్దాం."

"లేచే ఓపిక వాటికుందా?" అన్నాడు పంతులు. "సముద్రం మీదికి పోయి పడిపోతే?"

చివరికి ఆదివారం దాకా మేయనిచ్చి, జీపు రాకముందే లేపుదామనుకున్నారు. శనివారమంతా హుస్సేన్ సాహెబ్ రెండు మూడుసార్లు ఉప్పు మళ్ల దాకా పోయి వచ్చాడు. ఒక్కరోజు ఎక్కువ మేసినా ఒక్కరోజు బలమని ఆశ. ప్రతిసారీ లెక్కబెట్టబోయి తప్పిపోయాడు.

ఆదివారం తెల్లవారుతుండగా గంగులయ్య పడవ తీశాడు. పంతులు వాయించడానికి ఖాళీ డబ్బా తెచ్చాడు. హుస్సేన్ సాహెబ్ పడవ ముందు భాగంలో నిలబడి తువ్వాలు విసురుతూ గొంతు చించుకుని అరిచాడు. ఇన్నేళ్లుగా అలికిడి కాకుండా నడిచిన మనిషి. పరజలు ఒక్కసారిగా లేచాయి. గుంపు ఒక చుట్టు తిరిగి మళ్లీ దిగబోయింది. ఆయన ఏడుస్తూ ఇంకా గట్టిగా అరిచాడు. అప్పుడు దక్షిణానికి తిరిగాయి. ఐదు మాత్రం లేవలేకపోయాయి. గంగులయ్య వాటిని వల వేసి పట్టి, తడి గోనె కప్పిన బుట్టలో పెట్టి ఇంటికి తీసుకుపోయాడు.

జీపు వచ్చేటప్పటికి నీళ్లు ఖాళీ. కామాక్షయ్య బామ్మర్ది తుపాకీ భుజాన వేసుకుని అటూ ఇటూ చూశాడు.

"ఎవురో లేపేసుండారు" అన్నాడు.

ఒడ్డున నిలబడ్డ హుస్సేన్ సాహెబ్ తువ్వాలు చేత్తో పట్టుకునే ముందుకొచ్చాడు. "నేనేనయ్యా" అన్నాడు.

కామాక్షయ్య ఆయన వైపు తిరిగాడు. "దూది, గుడ్డ మా ఇంట్లోనే వదిలిపెట్టు. పరుపు ఇంకొకరు కుడతారు" అని జీపెక్కాడు. ఆ ఇంటి పని మళ్లీ రాలేదు. వాళ్ల చుట్టాల ఇళ్ల పనీ పోయింది. సైదాబీ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "అవి ఏమైనాయో తెలిసిందా?" అని అడిగింది.

తెలియలేదు. పడవలవాళ్లు ఎదురైనప్పుడల్లా గంగులయ్య అడిగేవాడు. నీళ్ల మీద చచ్చిన పిట్టలు కనబడ్డాయా అని అడగడానికి హుస్సేన్ సాహెబ్‌కి నోరు వచ్చేది కాదు. బుట్టలోని ఐదింటిలో రెండు చనిపోయాయి. మూడు కోలుకుని ఒక పొద్దున ఎగిరిపోయాయి.

పన్నెండో రోజున దక్షిణాన ఉన్న పులికాటు సరస్సు నుంచి ఎండుచేపలు తెచ్చిన ఒక ముసలాయన, అక్కడి నీళ్లలో ఈసారి పరజలు ముందే దిగాయని చెప్పాడు. అవి ఇవేనా అంటే ఎవరు చెప్పగలరు? పంతులు ఆ మాట రాసుకుని పక్కన ప్రశ్న గుర్తు పెట్టాడు.

మరుసటేడు భాద్రపదం పోయింది, దసరా పోయింది. హుస్సేన్ సాహెబ్ రోజూ ఉప్పు మళ్ల దాకా పోయి ఉత్త నీళ్లు చూసి వచ్చేవాడు. వాటిని తానే తరిమేశానని నమ్మకం కుదిరిపోతున్న వేళ, కార్తీకంలో ఒక మబ్బు పొద్దున నలభై దాకా దిగాయి. ఆయన చూసి, వెనక్కి వచ్చి, పంతులుకీ గంగులయ్యకీ చెప్పాడు. ఇంకెవరికీ చెప్పలేదు.