భావనపాడుకు మోసుకెళ్లిన భుజం

"ఇరవయ్యొకటో నాటికి లోకయ్యను తెచ్చి నీ ముందు నిలబెడతాను బావా, ఖరగ్‌పూర్ దాకా పోవలసి వచ్చినా సరే" అని మా ఆవిడ అన్నగారు నా మంచం పక్కన నిలబడి మాట ఇచ్చి నాలుగు శీతాకాలాలు గడిచాయి. ఇరవయ్యొకటో నాడు ఆయన రాలేదు, లోకయ్యా రాలేదు. నలభయ్యో నాడూ రాలేదు. ఆ మాట నిలిచి ఉంటే నేను భావనపాడు ప్రయాణం చేసేవాణ్ణి కాను, ఇది రాసేవాణ్ణీ కాను. అటువైపు పోదలచిన పాఠకులకు దారి, ఖర్చు, వేళలు చెబుతాను. మధ్యలో నా గోడు వినక తప్పదు.

నేను కాశీబుగ్గలో ఉంటాను. ముప్పయ్యేళ్లు బడిపంతులుగా పనిచేశాను. శనివారం మధ్యాహ్నం గంట కొట్టగానే భుజాన తుపాకీయో, చేతిలో గాలం కర్రో ఉండేది. ఉద్దానం జీడితోటల్లో పందులు, నౌపడ మడుగుల్లో బాతులు, ఏరు సముద్రంలో కలిసే భావనపాడు మొగలో పండుగప్ప చేపలు. నా తోటి పంతుళ్లు ట్యూషన్లు చెప్పి మేడలు కట్టుకున్నారు. వాళ్లకు మేడలు మిగిలాయి, నాకు రెండు బీరువాల పుస్తకాలు, ఒక తుపాకీ మిగిలాయి. ఇందుకు ఎవరినీ తప్పుపట్టను. వజ్రపుకొత్తూరు దగ్గర ఒక తోటలో మంచె దిగుతూ కాలు జారి పడ్డదీ నేనే. దానికీ ఎవరినీ తప్పుపట్టను. కుడి భుజం కీలు తప్పింది.

ఉద్దానంలో కొబ్బరిచెట్టు మీంచి పడ్డవాళ్లందరినీ ఎక్కడికి మోసుకుపోతారో నన్నూ అక్కడికే మోసుకుపోయారు. లోకయ్య దగ్గరికి. అతను భావనపాడు పల్లెకారు, చేపలు పట్టే మనిషే గాని ఎముకలు కట్టడంలో పేరున్నవాడు. నా చంకలో మడమ పెట్టి చెయ్యి ఒక్క గుంజు గుంజితే కీలు దాని చోట కూర్చుంది. తర్వాత కోడిగుడ్డు సొన, మినప్పిండి కలిపి పట్టు వేసి, వెదురు బద్దలు పెట్టి, పాతచీర గుడ్డతో మోచెయ్యి కదలకుండా చేతిని నా రొమ్ముకు బిగించి కట్టాడు. ఈ వైద్యంలో ఒక నియమం ఉంది. కట్టిన చెయ్యే విప్పాలి. వేరే చెయ్యి తగిలితే కీలు మళ్లీ తప్పుతుందని ఇక్కడి నమ్మకం. ఐదో రోజున లోకయ్యకు ఖరగ్‌పూర్ నుంచి తంతి వచ్చింది. రైల్వే కార్ఖానాలో పనిచేసే అల్లుడికి జబ్బు. భార్యను తీసుకుని రైలెక్కాడు. స్టేషనులో అతన్ని కలిసి వచ్చిన మా బావ నాకు పైన చెప్పిన మాట ఇచ్చాడు.

చదువుకున్నవాడికి ఇలాంటి భయాలుండవని ఎవరైనా అంటే, వాడు ఎన్నడూ కట్టు కట్టించుకుని ఉండడు. రెండు బీరువాల పుస్తకాలు చదివినవాణ్ణి, మూడు నెలలు ఆ కట్టుతోనే కూర్చున్నాను. చివరికి లోపల చీమలు చేరితే మంగలిని పిలిపించి కోయించాను. చెయ్యి బయటపడింది గాని పైకి లేవలేదు. ఆ రోజు నుంచి గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకించడం, ఎంతవరకు పోయిందో సుద్దముక్కతో గీత గీయడం నా దినచర్య. మొదటి ఏడాది గీతలు చకచకా ఎక్కాయి. తర్వాత మెల్లగా. ఇప్పుడు ఏడాదిగా భుజం ఎత్తు దగ్గర గీత మీద గీత పడి గోడ తెల్లబడింది. పోయిన ఆషాఢంలో మా ఆవిడ పోయింది. ఖాళీ ఇంట్లో ఆ గోడ ఎదుట నిలబడలేకుండా ఉన్న రోజుల్లో, సంతలో ఎండుచేపలు అమ్మే మనిషి లోకయ్య తిరిగి వచ్చేశాడని చెప్పింది. ఈ చెయ్యి ఇంకా పైకి పోతుందా, నేను మళ్లీ గాలం విసురుతానా లేదా అనేది కట్టినవాడి నోటనే విందామని మాఘమాసంలో ఒక తెల్లవారుజామున బయలుదేరాను.

కాశీబుగ్గలో ఆరు గంటలకు బస్సు. టెక్కలికి పన్నెండణాలు. గంటన్నర పడుతుందంటారు, రెండు గంటలని అనుకోండి. పైన పట్టుకునే కడ్డీకి నా చెయ్యి అందదు గనుక డ్రైవరు వెనక సీటు అడిగాను. "పెద్దోళ్లకి ముందు సీటేటండి, కుదుపులు తక్కువని వెనక్కి పంపుతాం గానీ" అన్నాడు కండక్టరు. వెనక కుదుపులే ఎక్కువని వాడికీ తెలుసు. నేను కదల్లేదు.

టెక్కలిలో బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఉన్న హోటల్లో పెసరట్టు తినండి, ఇడ్లీ జోలికి పోకండి. ఇడ్లీ నిన్నటిదా అని అడిగితే పెనం దగ్గరున్న వంటాయన తల ఎత్తకుండానే "నిన్నటిది నిన్ననే అయిపోనాదండి, ఇది మొన్నటిది" అన్నాడు. ఏడు నెలల తర్వాత నవ్వొచ్చింది. అక్కడి నుంచి నౌపడకు జట్కా ముప్పావు రూపాయి. ఉప్పుమడుల పక్కగా పోయే దారి అది. తెల్లటి కుప్పల మీద ఎండ పడితే కళ్లు తెరవలేం. గట్ల మధ్య నీళ్లలో బాతులు వాలి ఉన్నాయి. నాకు తెలియకుండానే ఎడమచెయ్యి పోయి కుడిభుజాన్ని పట్టుకుంది. మరి అటు చూడలేదు.

నౌపడలో దొరికే ఎడ్లబండి రానూపోనూ రెండు రూపాయలు. బండివాడు అప్పన్న నలభయ్యేళ్ల మనిషి, మాటకారి. "గాలం లేకుండా వత్తన్నారేటి మేస్టారూ? నిరుడు కాదు, ఆ ముందేడు కాదు, ఎప్పుడో సూసేను మిమ్మల్ని. ఇంత పొడుగు పండుగప్పని బండిలో ఏసుకొచ్చేరు. తోక బయటికేలాడితే కుక్కలు ఎంటబడ్డాయి" అన్నాడు. ఆ చేప నాకు గుర్తుంది. దాన్ని చూసి మా ఆవిడ ఒక్క మాటా అనకుండా కత్తిపీట తీసుకుని పెరట్లోకి పోవడమూ గుర్తుంది.

పదిన్నరకు ఇసుక మొదలైంది. అక్కడ బండి దిగి నడవాలి. ఒడ్డున ఎండబెట్టిన నెత్తళ్ల చేపల వాసన దాటగానే పెద్దవల లాగుతున్న జనం కనిపించారు. పడవ మీద పోయి వలను సముద్రంలో అర్ధచంద్రంగా వేసి వస్తారు. దాని రెండు తాళ్లను రెండు వరసల మనుషులు వెనక్కి నడుస్తూ ఒడ్డుకు లాగుతారు. తాడు ముట్టినవాడికి వాటా ఉంటుంది. ముట్టనివాడికి అక్కడ నిలబడే హక్కు కూడా లేదు. రెండో వరసలో మూడోవాడు లోకయ్య. తల పండిపోయింది, భుజాలు మాత్రం అవే.

"లోకయ్యా" అన్నాను.

తల తిప్పాడు గాని తాడు వదల్లేదు. "ఓలమ్మ, కాశీబుగ్గ మేస్టారే! సెయ్యెలగుంది బాబూ?"

"అది నిన్ను అడుగుదామనే వచ్చాను."

"అయితే తాడట్టుకోండి. వల దరికొచ్చీదాకా నాను కదల్ను. ఊరికే నిలబడితే మావోలు ఊరుకోరు."

పట్టుకున్నాను. నడుము ఎత్తులో లాగడానికి నా కుడిచెయ్యి కూడా పనికొచ్చింది. ఆ సంతోషం పది అడుగులు కూడా నిలవలేదు. వెనక నుంచి ఒకావిడ "మేస్టారు తాడు లాగతన్నారా, తాడే మేస్టార్ని లాగతందా?" అంది. అందరూ నవ్వారు. వరస చివరి నుంచి ఒక మగగొంతు అందుకుంది: "నౌపడ బడిలో మాసేత గోడకుర్సీ ఏయించినోరే కదర్రా! ఇయాల సముద్రం ఆరిసేత ఏయిస్తంది." వాడెవడో గుర్తుపట్టలేదు. నౌపడలో పనిచేసిన రోజుల్లో గోడకుర్చీ వేయించిన మాట నిజమే.

నవ్వులు తగ్గాక లోకయ్య అడిగాడు. "కట్టు ఎన్నాళ్లకి ఇప్పేరు?"

"మూడు నెలలకి."

తాడు మీద అతని చేతులు ఆగిపోయాయి. వెనకవాళ్లు అరిస్తే మళ్లీ లాగడం మొదలుపెట్టాడు. "మూడు నెల్లా! ఎవుడు సెప్పేడు బాబూ, మూడు నెల్లుంచమని?"

"కట్టిన చెయ్యే విప్పాలని నువ్వే కదా చెప్పావు. నువ్వు రాలేదు."

"అవును, నా నోటి మాటే. అందుకే గదా రైలెక్కీ ముందు మీ బావగారికి మరీ మరీ సెప్పేను. నాను రాను, మీరు ఎదురుసూడకండి, ఇరవయ్యొకటో రోజున ఏడినీళ్లు పోసి అమ్మగారి సేత ఇప్పించీమని. నా సేతికున్న ఎర్రదారం తీసి ఆయన సేతిలో పెట్టేను. అది అమ్మగారు ముంజేతికి కట్టుకున్నారంటే నా సెయ్యి అమ్మగారికిచ్చీసినట్టే. ఆవిడ ఇప్పితే నాను ఇప్పినట్టే. మాకదే పద్ధతి. దారం ఆయన ఇవ్వలేదేటి?"

ఇచ్చాడు. ఆ శీతాకాలమంతా మా ఆవిడ కుడి ముంజేతికి ఎర్రదారం ఉంది. ఏదో నోము దారమనుకున్నాను, అడగలేదు. నా కుడిచెయ్యి కట్టులో ఉంది గనుక మూడు నెలలు మూడు పూటలా ఆమే అన్నం కలిపి నా నోట్లో పెట్టింది. ప్రతి ముద్దతోనూ ఆ దారం నా కళ్లకు జానెడు దూరంలోకి వచ్చింది. మంగలి కట్టు కోసిన రోజున ఆమె వంటింట్లో కూర్చుని ఏడ్చింది. నియమం తప్పినందుకు భయపడిందనుకున్నాను.

"అమ్మగారు కులాసాయేనా?" అన్నాడు లోకయ్య.

"పోయింది. ఆషాఢంలో."

 లోకయ్య తాడు లాగుతూ నావైపు చూడకుండా "అయితే ఇంక ఎవుర్నీ అడక్కండి బాబూ" అన్నాడు.

వల ఒడ్డుకు వచ్చేసరికి పన్నెండయింది. కవళ్లనే చిన్న చేపలే ఎక్కువ. పంపకాలు అయ్యాక లోకయ్య నన్ను పడవ నీడలో కూర్చోబెట్టి, చొక్కా విప్పించి, బొటనవేలితో కీలు చుట్టూ నొక్కి చూశాడు. చెయ్యి ముందుకు లేపాడు, పక్కకు లేపాడు. భుజం దగ్గర ఆగింది. ఇంకొంచెం లేపబోతే నేను అరిచాను. వెంటనే దించేశాడు.

"ఎండలో వొదిలీసిన తాడు సూసేరా? తెగదు, అలగని సాగదు. ఇదీ అంతే. ఇంక నొప్పెట్టుకోకండి దాన్ని."

"గోడ మీద రోజూ పాకిస్తున్నాను."

"మానీకండి, మానీస్తే ఉన్నది కూడా పోద్ది. పైకి మాత్రం పోదు."

"తుపాకీ?"

"ఎవుడికైనా ఇచ్చీండి."

"గాలం?"

"ఇసిరీది కాదు. పడవలో కూకుని నీళ్లలోకి దారం దించీది సేసుకోండి. రండి, ఎప్పుడొచ్చినా నాను తీసుకెల్తాను." నా చొక్కా అందిస్తూ, "ఇరవయ్యొకటో నాడు ఇప్పుంటే సెట్టెక్కీవోరు బాబూ" అన్నాడు. అతనికి అబద్ధం చెప్పడం రాదు. ఆ రోజు నేను అక్కడికి పోకుండా ఉంటే బాగుండుననిపించింది.

తాడు ముట్టినందుకు నా వాటాకు పది కవళ్లు కొబ్బరాకులో చుట్టి ఇచ్చారు. ఇంట్లో వండేవాళ్లు లేరు. బండిలో కూర్చున్నాక అప్పన్నకు ఇచ్చేశాను. "అమ్మగారు తిట్టరేటండి?" అన్నాడు. తిట్టదన్నాను. నౌపడలో సాయంత్రం పాసింజరు ఎక్కితే చీకటి పడకముందే కాశీబుగ్గను ఆనుకుని ఉన్న పలాసలో దిగవచ్చు. ఒడ్డు నుంచి రెండు గంటలకే బండి కట్టించుకోకపోతే ఆ రైలు అందదు. తాగే నీళ్లు కాశీబుగ్గ నుంచే పట్టుకెళ్లండి. అక్కడి నూతి నీళ్లు కొత్తవాళ్లకు పడవు.

ఇంటికి వచ్చాక సుద్దగీతలు చెరిపేయలేదు, కొత్తది గీయనూలేదు. ఆ మూడు నెలలను నా జీవితంలో అతి నికృష్టమైన రోజులని ఇన్నాళ్లూ అందరితో చెప్పుకున్నాను. ఇప్పుడు తిరిగి లెక్క చూస్తే, ముప్పయ్యేళ్ల కాపురంలో ప్రతి సాయంత్రం నేను ఇంట్లో ఉన్నది ఆ మూడు నెలలే. చెయ్యి కట్టేసి ఉంది గనుక పుస్తకం ఆమె పట్టుకునేది, నేను పైకి చదివేవాణ్ణి. పేజీ తిప్పమంటే తిప్పి, "తర్వాత ఏమైంది?" అనేది. అంతకు ముందు ఎన్ని రాత్రులు అన్నం మీద మూత పెట్టుకుని, నేను తోటలోంచి నడిచి వస్తానో మోసుకుని వస్తారో తెలియక కూర్చుందో నేను ఎన్నడూ అడగలేదు. మోసుకునే వచ్చారు. మళ్లీ పోనివ్వకూడదనుకుంది. దారం ముంజేతికి కట్టుకుంది గాని నా కట్టు విప్పలేదు. ఆమె మీద కోపం తెచ్చుకోవాలని ఈ నెల రోజులూ ప్రయత్నించాను. అన్నం ముద్ద గుర్తొచ్చి ప్రతిసారీ మధ్యలోనే ఆగిపోయింది.

లోకయ్య దగ్గరికి పోవలసి వచ్చేవారికి ఒక్క సలహా. కట్టు విప్పే రోజు ఏదో, అతను లేకపోతే ఎవరు విప్పాలో అతని నోటి నుంచి మీ చెవులతో మీరే వినండి. ఎంత దగ్గరివాడైనా సరే, మధ్యలో మనిషిని పెట్టకండి. ఆమెకు భయం ఉంది, దారం చేతిలో ఉంచుకుని ఊరుకుంది. ఆయనకు ఏ భయమూ లేదు. లోకయ్య రాడని తెలిసి, దారం వంటింట్లో చెల్లెలికి ఇచ్చి, నాకు చెప్పవద్దని ఆమె పెట్టుకున్న కన్నీళ్లు చూసి, అటునుంచి నేరుగా నా మంచం దగ్గరికి వచ్చి నా కళ్లలోకి చూస్తూ మాట ఇచ్చాడు. ఆషాఢంలో ఆమె శవం పక్కన కూర్చున్నప్పుడు కూడా నిజం చెప్పలేదు. చెల్లెలి పరువు కాపాడాడని మీలో ఎవరైనా అంటే అనండి, నేను కాదనను. నా చెయ్యి భుజం దగ్గర ఆగినప్పుడల్లా నేను తిట్టుకునేది మాత్రం ఆయన్నే, మా బావ సింహాచలాన్నే.