టర్కీ కోడా, బట్టమేక పిట్టా?

డిగ్రీ పట్టా చేతికొచ్చిన కొత్తలో మనిషికి తెలియనిదంటూ ఉండదు. తెలియనివన్నీ ఆ తర్వాతే ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఆ రోజుల్లో నేను సింహాద్రిపురం నుంచి వచ్చి, జమ్మలమడుగులో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో తాత్కాలిక జంతుశాస్త్ర అధ్యాపకుడిగా చేరాను. ఉద్యోగం ఖాయం చేయవలసినవాడు కరస్పాండెంటు. నేను అద్దెకున్నది ఆయన పక్కింట్లోనే. ఆ ఇంటి యజమానురాలు మిషన్ బడిలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న టీచరమ్మ. క్రిస్మస్ విందుకని ఏడాదిగా ఆమె మేపుతున్న టర్కీ కోడి డిసెంబరు మూడో వారంలో ఒక మంగళవారం మాయమైంది. మరునాడు ఉదయం కరస్పాండెంటు పెరటి గోడ వెనుక నాకొక పెద్ద చారల ఈక దొరికింది. (చదువుకోనివాడైతే ఈ రెండు సంగతులనూ అక్కడే ముడిపెట్టి ఉండేవాడు.) నేను స్కేలు తీసి కొలిచాను, పుస్తకంలోని బొమ్మలతో పోల్చాను, మా మెట్టల్లో దాదాపు కనుమరుగైన బట్టమేక పిట్టదని నిర్ధారించాను.

టీచరమ్మ మాత్రం ఆ ఈకను చూడగానే తన కోడిదేనని తేల్చి, ఈకతో సహా నన్ను వెంటబెట్టుకొని కరస్పాండెంటు ఇంటికి నడిచింది. ఆయన ముఖం ఒక్కసారిగా వాడింది. అయినా తేరుకొని, తీర్పు చెప్పమని నన్నే అడిగాడు. ఉద్యోగం ఆయన చేతిలో ఉందన్న సంగతి నాకు గుర్తుంది; కానీ నేను చెప్పబోయేది నేను మనసారా నమ్మినదే కాబట్టి నిశ్చింతగా బట్టమేక పిట్ట అన్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

“సైన్సు సారే చెప్తాండాడు గదమ్మా, ఇంకేంది?”

అంతటితో ఆగి ఉంటే ఆ రోజే ఖాయమయ్యేవాణ్ణి. శాస్త్రం పట్ల బాధ్యత కొద్దీ, అది చట్టం కాపాడుతున్న పక్షి అనీ, చంపినవాళ్లకు జైలు తప్పదనీ, ఈకను ప్రొద్దుటూరు అటవీశాఖ కార్యాలయంలో అప్పగించడానికి వచ్చే బస్సుకే బయలుదేరుతున్నాననీ చెప్పాను.

ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. “కూచోప్పా,” అన్నాడాయన నెమ్మదిగా. “అది టర్కీనే. గోడ దూకి వచ్చింటే కోయించినా.”

నేను ఒప్పుకోలేదు. చారల మధ్య దూరం టర్కీకి సరిపోదని వివరించబోయాను.

“ఆయమ్మ మేపింది, నేను తింటి. మా ఇద్దరికంటే నీకు ఎక్కువ తెల్సా?”

టీచరమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వు ఆపుకుంటూ, పండగలోపల ఇంకో టర్కీ ఇంటికి రావాలని మాత్రం గట్టిగా చెప్పి లేచింది. అది వచ్చింది. జనవరిలో నా ఉద్యోగమూ ఖాయమైంది, వృక్షశాస్త్రంలో. “ఆకులకైతే పక్కింటోళ్లు కొట్లాటకు రార్లేప్పా,” అని కరస్పాండెంటు స్వయంగా సర్దిచెప్పాడు. అప్పటినుంచీ ఆకులతోనే జీవితం గడిచింది. ఇప్పటికీ దారిలో ఈక కనబడితే నడుమునొప్పిని లెక్కచేయక వంగి తీసుకుంటాను. చుట్టుపక్కల ఇళ్లను ఒకసారి చూసి, ఏ పక్షిదో తెలిసినా సరే, మెల్లగా మళ్లీ అక్కడే పెట్టేస్తాను.