మెట్ట తాబేలు అచ్చు

సోసిలాస్ పేరెత్తితే మా ఏగినా దీవిలో ఇప్పటికీ "ఆహా, ఏం పనివాడు" అంటారు. ఆ మాట వింటేనే నాకు వెగటు. ఇరవై రెండేళ్లు నాణేలు కొట్టే టంకశాలలో ఆయన చెక్కిన అచ్చుల మీద సమ్మెట వేసినవాణ్ని నేను. మెచ్చుకునేవాళ్లలో ఒక్కడూ ఆయన సంగతి సరిగ్గా చెప్పలేదు.

ఆయనా, ఆయన తండ్రీ, తాతా బతుకంతా చెక్కింది ఒకటే బొమ్మ, సముద్రపు తాబేలు. నున్నటి వీపు, వెన్ను మీద చుక్కల వరస, ఈదడానికి చాచిన కాళ్లు. మా ఓడలు పోయిన ప్రతి రేవులోనూ ఆ బొమ్మ చూసి మా వెండి తీసుకునేవారు. తర్వాత ఏథెన్సు వాళ్లు మా ఓడలు పట్టుకుపోయారు. మా చేతే మా కోటగోడ కూల్పించారు. కప్పం కట్టమన్నారు, కడుతున్నాం. తిని తాగి దానికి అలవాటు పడిపోయాం కూడా. నాకు రోత పుట్టించేది ఆ అలవాటే.

అప్పుడే ఒకనాడు పాలకసభ పెద్ద పొలిక్సెనస్ నౌకరు చేత బుట్ట పట్టించుకుని టంకశాలకు వచ్చాడు. ఒంటికి సువాసన నూనె, ముఖాన చిరునవ్వు. బుట్టలోంచి నేల మీదే బతికే ఒక మెట్ట తాబేలును తీయించి సోసిలాస్ పనిబల్ల మీద పెట్టించాడు.

"ఇకమీదట నాణెం మీద ఇది చెక్కాలయ్యా. సముద్రం మనది కాదు కదా. ఊరికే గొప్పలు పోయి పైవాళ్లకి కోపం తెప్పించడమెందుకు?"

"వాళ్లు అడిగారా అయ్యా?" అన్నాడు సోసిలాస్.

"అడిగేదాకా ఊరుకుంటే మన మర్యాదేముంటుంది?"

అడగకముందే వంగడాన్ని మర్యాద అంటోంది ఆ నోరు. అంతలో తాబేలు బల్ల మీదే రొచ్చు చేసింది. పొలిక్సెనస్ ముక్కు మూసుకుని వెళ్లిపోయాడు. తుడిచింది నేను.

సోసిలాస్ నన్ను దగ్గరికి పిలిచాడు. "ఒరే సిమాస్, దీన్ని చెత్తగా చెక్కుతాను. రేవుల్లో చూసినవాడల్లా పకపకా నవ్వాలి. అప్పుడు వీళ్లే సిగ్గుపడి పాత బొమ్మకి వస్తారు."

"చెత్తగా చెక్కడం నీకు వచ్చా అన్నా?"

"దానికేం విద్య కావాల్రా, వెధవా."

రాలేదు. మొదట కాళ్లు వంకరగా గీశాడు, మర్నాటికి అవి చక్కబడ్డాయి. వీపు మీది పలకలు ఇష్టమొచ్చినట్టు గీస్తానన్నాడు. మధ్యాహ్నం నేను బార్లీ రొట్టే ఉల్లిపాయా తెచ్చేసరికి, తాబేలును వెల్లకిలా తిప్పి గోళ్లు లెక్కపెడుతున్నాడు.

"ఇదేంటన్నా?"

"కళ్లెదుట ఉన్నదాన్ని తప్పుగా ఎలా గియ్యమంటావురా?" అని విసుక్కున్నాడు.

పన్నెండో రోజుకి అచ్చు పూర్తయింది. పదమూడు పలకలు, ముడతలు పడ్డ మెడ, నేలను పట్టుకున్న గోళ్లు. తండ్రీ తాతా చెక్కిన తాబేళ్లు దాని పక్కన గులకరాళ్లలా ఉన్నాయి. దాన్ని చూసి ఆయన నేల మీద ఉమ్మేశాడు.

"నా చేతికి సిగ్గు లేదురా."

తొలి నాణెం మర్నాడు పొలిక్సెనస్ ఎదుటే కొట్టాలి. పొద్దున్నే దాగలి దిమ్మలో అచ్చు బిగిస్తూ సోసిలాస్ నా చెవిలో అన్నాడు: "మొదటి దెబ్బ వారగా వెయ్యి. పగిలిపోతుంది. అచ్చులు పగలడం మామూలే, నిన్నెవడూ ఏమీ అనడు. ఇంకోటి చెక్కడానికి నా కళ్లు ఆనడం లేదని చెప్తాను."

"అలాగే అన్నా." మనస్ఫూర్తిగానే అన్నాను.

పొలిక్సెనస్ వచ్చి నిలబడ్డాడు. కాల్చిన వెండి బిళ్లను అచ్చు మీద పెట్టి, సోసిలాస్ దాని పైన సమ్మెట దెబ్బ తినే ఇనప పోటు నిలబెట్టాడు. నేను సమ్మెట ఎత్తాను. మణికట్టు కాస్త తిప్పితే చాలు. కాని అచ్చు బిగిస్తున్నప్పుడు ఆ గోళ్లను నేనూ చూశాను. ఇరవై రెండేళ్లలో అంత మంచి పని నా సమ్మెట కిందికి రాలేదు. దెబ్బ నిటారుగా పడింది.

"భేష్" అన్నాడు పొలిక్సెనస్, నాణేన్ని అటూ ఇటూ తిప్పుతూ. ఆ వేళ్ల మీద సమ్మెట వెయ్యాలనిపించింది. వెయ్యలేదు.

అతను వెళ్లాక సోసిలాస్ అడిగాడు. "ఎందుకురా సూటిగా కొట్టావు?"

"నువ్వెందుకన్నా అంత బాగా చెక్కావు?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. మర్నాడు రెండు వందల నాణేలు కొట్టాం. ఒక్క దెబ్బ కూడా వారగా పడలేదు.