రన్‌వే మీద మా పైడక్క

పైడక్క ఇక లేదు.

నిన్న పొద్దున వచ్చిన ఆ మెసేజ్ ఇప్పటికీ తెరిచి చూస్తున్నాను. తప్పు నంబర్‌కు వచ్చిందేమో అనిపిస్తోంది.

తను మా పెదనాన్న కూతురు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పైలట్ అయింది. తర్వాత ఫ్లయింగ్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్ అయింది.

ఆ మెసేజ్‌కు ముందు ఫ్లయింగ్ స్కూల్ నుంచి వచ్చిన ఫోన్‌లో పోయిందెవరో పేరు చెప్పలేదు. చుట్టూ తుప్పలు తప్ప ఏమీ లేని ఎయిర్‌స్ట్రిప్. ట్రైనింగ్ విమానం టేకాఫ్ అవుతూ రన్‌వే దాటి గోతిలో పడింది. లోపల పైడక్క, ఒక స్టూడెంట్ అమ్మాయి. ఒకరు పోయారు, ఒకరు ఆస్పత్రిలో ఉన్నారు.

ఎవరు?

లైన్ కట్ అయింది. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు.

ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలోని పెదనాన్న ఇంట్లో అందరం ఆ ఫోన్ చుట్టూ కూర్చున్నాం. పెద్దమ్మ దండం పెట్టబోయి చేతులు దించేసింది.

"ఏటని మొక్కనే? మన పిల్ల బతకాలంటే ఆ పిల్ల పోవాల గదే."

ముప్పావుగంట తర్వాత మెసేజ్ వచ్చింది. అందులో పేరు ఉంది.

పెదనాన్న రిటైర్డ్ లోకో పైలట్. రైలింజిన్‌లో ఒక పద్ధతి ఉంది. సిగ్నల్ కనిపించగానే ఇద్దరు డ్రైవర్లూ దాని రంగు పైకి చెప్పాలి. రెండోవాడు చూశాడులే అని ఒకరు ఊరుకోకూడదు. ఆయన దాన్ని ఇంటికీ తెచ్చారు. స్కూటర్ మీద ఝపటాపూర్ మలుపు దాటాలంటే వెనక కూర్చున్న నేనూ పైడక్కా "ఎడమ క్లియర్, కుడి క్లియర్" అని అరవాలి.

కాన్వెంట్‌లో మెల్లగా మాట్లాడడం అలవాటైన నాకు గొంతు లేచేది కాదు.

"ఏటే, నీ పుస్తకానికి సెప్తన్నావేటి? ఆ లారీవోడికి ఇనబడాల!" అని పైడక్క నా వీపు మీద ఒక్కటి వేసేది. రోడ్డంతా మా వైపే చూసేది. నాకు దిగి పారిపోవాలనిపించేది.

తన స్టూడెంట్లకు కూడా అదే నేర్పిందట. చూసింది చెప్పు, నేను చూశానో లేదో నీకెందుకు, అని.

సాయంత్రం ఆ అమ్మాయే ఆస్పత్రి నుంచి ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టాం. హిందీలో, ఏడుస్తూ చెప్పింది. స్పీడ్ పెరగడం లేదని ముందు తనే చూసింది. మేడమ్ చూసే ఉంటారనుకుంది. రెండు సెకన్లు ఊరుకుంది. తర్వాత చెప్పింది. మేడమ్ వెంటనే పవర్ తీసేసి బ్రేక్ వేశారు. అప్పటికే రన్‌వే అయిపోయింది. గోతి గట్టుకు మేడమ్ కూర్చున్న వైపు గుద్దుకుంది.

పెదనాన్న ఏమంటారోనని నాకు భయమేసింది. ఆయన ఒక్క మాట తూలితే ఆ అమ్మాయి జీవితాంతం మోయాలి.

"ఫిర్ బోలీ నా, బేటీ?" అన్నారు. తర్వాతైనా చెప్పావు కదా, అని.

"బోలీ, అంకుల్."

"ఠీక్ హై."

మళ్లీ ఆ సీట్లో కూర్చున్న రోజున ఆ రెండు సెకన్లు కూడా ఆగకు, అని హిందీలోనే చెప్పారు. ఫోన్ నాకిచ్చేశారు.

పెద్దమ్మ నా భుజం తట్టింది.

"ఏటైనా తిన్నాదేటో అడగవే."

అడిగాను. తినలేదు. మేడమ్ వాళ్లమ్మ తినమందని చెప్పాను. అవతల చాలాసేపు ఏడుపు. తర్వాత, తింటానంది.

పైడక్కా, నీ స్టూడెంట్ క్షేమంగా ఉంది. ఆ దిగులు నీకొద్దు.

ప్రశాంతంగా పడుకో.