ఏనుగు దిగని మడుగు

నా చిన్నప్పుడు నన్ను ఇంటిల్లిపాదీ అనుమానపు పక్షి అనేవారు. పాలల్లో నీళ్లు కలిపారేమోనని గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసి మరీ తాగేదాన్ని. అలాంటిదాన్ని, మా నాయనమ్మ చెప్పే మొసలిని ఎలా నమ్ముతాను?

కోటబొమ్మాళి దగ్గర పల్లె మాది. ఊరి పక్కన ఏరు, ఆ ఏటి వంపులో ఒక మడుగు. అందులో మొసలి ఉందని, దిగితే కాలు పట్టి లాగేస్తుందని మా నాయనమ్మ పిల్లలందరినీ బెదిరించేది. దాన్ని చూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఒకసారి మంచమంత అంటుంది, ఇంకోసారి తాటిదుంగంత అంటుంది. ఆవిడ ఏదో దాస్తోందని నాకు గట్టి అనుమానం. ఆ ఎండాకాలం ఎలాగైనా మడుగులో దూకి ఆ అబద్ధం బయటపెట్టాలని పట్టుపట్టి కూర్చున్నాను.

అప్పుడే ఒక సాధువు ఏనుగును తోలుకుని మా ఊరొచ్చాడు. జడుపు పోతుందని అమ్మలు చంటిపిల్లల్ని దాని కడుపు కింద నుంచి దాటించారు. మేం వేడివేడి లద్దె తొక్కి, బలం వచ్చేసిందని గెంతాం. తర్వాత సాధువు దాన్ని నీళ్లకని మడుగు వైపు నడిపించాడు. ఏనుగు గొప్పా, మొసలి గొప్పా అని దారంతా పిల్లల గొడవ. నా లెక్క నాది. ఏనుగు దిగి క్షేమంగా బయటికొస్తే, ఆ వెనకే నేనూ దూకేస్తాను.

ఏనుగు ఒడ్డున ఆగిపోయింది. తొండంతో ఇసుక తడిమింది. ముందుకాలు మెల్లగా మోపి, కాస్త దిగబడగానే వెనక్కి తీసేసుకుంది. సాధువు ఎంత అదిలించినా వినలేదు. చుట్టూ తిరిగి, రాళ్లున్న చోటికి పోయి నీళ్లు తాగింది.

"బాబోయ్, ఏనుగే జడిసిపోనాది! మొసలున్నాది రోయ్!" అంటూ పిల్లలు పరుగు తీశారు. నేను కదల్లేదు. పొద్దున మా నాయనమ్మ ఆ సాధువుకి చేటెడు బియ్యం పోయడం నా కళ్లతో చూశాను. ఇద్దరూ కూడబలుక్కున్నారని తేల్చేసుకుని, పావడా ఎగదోపి నీళ్ల వైపు నడిచాను.

వెనక నుంచి జడ పట్టి లాగింది నాయనమ్మ. "ఒసే, ఆగు. ఇటు సూడు" అని, గేదెల్ని తోలే వెదురుకర్రను ఏనుగు కాలు మోపిన చోట గుచ్చింది. గట్టిగా నొక్కకుండానే కర్ర సగానికి పైగా దిగిపోయింది.

"మొసలి నేదు, గిసలి నేదు. ఊబి."

"మరి మొసలని ఎందుకు సెప్పినావు?"

"ఊబంటే మీరు జడుస్తారేటి? దానికి పళ్లు కనపడవు కదా. నువ్వు పుట్టకముందు మన పాలగేదె ఇక్కడే దిగబడిపోనాది. ఊరంతా తాళ్లేసి లాగినా రానేదు. గేదె పోతే ఇంకోటి కొనుక్కున్నాం. నువ్వు పోతే ఏ సంతలో కొనుక్కుంతానే?"

ఆవిడ కళ్లల్లో నీళ్లు చూడటం నాకు అదే మొదలు. అప్పుడు వేసింది నాకు భయం.

ఇప్పుడు నా మనవరాలు ఫోన్లో ఏనుగు, మొసలి పోట్లాడుకునే వీడియోలు చూస్తూ ఏది గెలుస్తుందని అడుగుతుంది. నేను చూసిన ఏనుగు పోట్లాడనే లేదు. కాలు పెట్టే చోటును అనుమానించింది, అంతే. నేనేమో నా కోసం బెంగపడే మనిషిని అనుమానించాను. అనుమానం ఇప్పటికీ పోలేదు గానీ, ఎవరైనా అబద్ధం చెప్తున్నారనిపిస్తే వాళ్ల భయమేమిటో ముందు కనుక్కుంటున్నాను.

మొన్న నా మనవరాలు ఏటికి పోతానంది. మొసలుందని చెప్పబోయాను, నోటిదాకా వచ్చింది. అది అప్పటికే నా మొహంలోకి అనుమానంగా చూస్తోంది, అచ్చం నాలాగే. మొసలి మాట వదిలేసి దాని చేతికి కర్ర ఇచ్చి, వెంట నడిచాను.