అమ్మమ్మ సిల్వర్ గిన్నె

అక్టోబరు 13, 2015. సన్నీవేల్. ఉదయం మబ్బు, మధ్యాహ్నానికి ఎండ. కూల్‌డ్రింక్ డబ్బాలు కడిగి, నలిపి సంచిలో వేశాను. పదకొండు.

నా రోజువారీ పుస్తకంలో ఇంతకంటే రాయను. ఇవాళ రాస్తున్నాను...

మా చిన్నప్పుడు... అప్పుడు మేముండే నేపర్‌విల్‌లో ఈ పని నాదే. నాకు తొమ్మిదేళ్లు. "అల్యూమినియం చావదు" అని స్కూల్లో టీచర్ చెప్పింది. పాతది కరిగిస్తే చాలు, కొత్తగా కొండలు తవ్వక్కర్లేదు... ఖనిజం నుంచి తీయడానికి పట్టే కరెంటులో ఇరవయ్యో వంతు సరిపోతుందట. అది విన్నాక ఇంట్లో తెల్లగా మెరిసేదల్లా రీసైక్లింగ్ నీలం బిన్నులో వేసేవాణ్ణి.

ఒకరోజు సింకు కింద ఉన్న చొట్టల గిన్నె కూడా వేశాను.

మర్నాడు పొద్దున, ఆరు నెలలు ఉందామని ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ వంటిల్లంతా వెతుకుతోంది.

"నా సిల్వర్ గిన్నె చూశావురా కన్నా?"

దేవుడి గూట్లోంచి వెండి గిన్నె తెచ్చిచ్చాను. "సిల్వర్ ఇదే కదా అమ్మమ్మా?"

"అది వెండిరా పిచ్చి మొహమా! సిల్వర్ అంటే సత్తు గిన్నె, అదే మీ అల్యూమినియం. అడుగున మీ శాంత పిన్ని పేరు చుక్కలతో కొట్టించాను."

శాంత పిన్ని అమ్మకి చెల్లెలు. అప్పటి నా వయసులోనే పోయింది. చివరి గంజి ఆ గిన్నెలోనే తాగిందట.

నాకు అర్థమయ్యేసరికి బయట చెత్త లారీ చప్పుడు... చెప్పులు లేకుండా పరిగెత్తాను. వీధిలో బిన్ను ఖాళీగా ఊగుతోంది.

అమ్మమ్మ తిట్టలేదు. అందుకే భయమేసింది.

"అల్యూమినియం చావదు అమ్మమ్మా. మళ్ళీ డబ్బాగా వస్తుంది."

"చావదా?" అంది. ఒక్కసారే.

ఆ రోజు నుంచి ఇంట్లోకి వచ్చిన ప్రతి డబ్బా అడుగునా బొటనవేలితో తడిమేది. రెండు నెలలకి ఒకదాని దగ్గర వేలు ఆగింది.

"వచ్చావుటే..."

దాన్ని ఎవరినీ తెరవనివ్వలేదు. ఫ్రిజ్‌లోంచి తీసి మూడు రోజులైనా చల్లగానే ఉంది. వెళ్ళేటప్పుడు తన పెట్టెలో పెట్టుకుంది. అడుగున చుక్కలతో ఏవో అక్షరాలు... నేనూ చూశాను. అప్పుడు నాకు తెలుగు చదవడం రాదు. తర్వాత నాకు నేనే నేర్చుకున్నాను.

ఇప్పుడు గిన్నెల మీద పేర్లు కొట్టించేవాళ్ళు లేరు. మీ ఇంట్లో అలాంటి గిన్నెని ఏమనేవారు... సత్తు అనా, సిల్వర్ అనా?

పైన పదకొండు అని రాశాను గానీ, నలిపింది పదే. పదకొండోది బల్ల మీద ఉంది, బోర్లించి. కడిగి చాలాసేపైంది, ఇంకా చల్లగానే ఉంది. సంచి బిన్నులో వేసి, బిన్ను వీధిలోకి తోసి వచ్చాను. బల్ల మీది డబ్బా అడుగున చుక్కల్ని ఇప్పుడు చదవగలను.