తాతయ్యకు రావాల్సిన ఫోన్

నా చిన్నప్పుడు అంటే మరీ పాతకాలమేమీ కాదు, ఫోన్లో ఆటలు వచ్చేసిన కాలమే. నాకప్పుడు పదకొండేళ్లు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన నన్ను ఆ ఎండాకాలం సెలవులకు మెదక్‌లో మా తాతయ్య దగ్గరికి పంపారు. నాకు కోపం ఎక్కువ, ఇప్పటికీ తగ్గలేదు. ఎవరైనా చేతిలోంచి ఫోన్ లాక్కుంటే కంచం విసిరేసేదాన్ని. తాతయ్య మాత్రం లాక్కోలేదు. మామయ్య ఆయన కోసం కొనిచ్చిన ఫోన్ పేరుకే ఆయనది, పొద్దున లేచింది మొదలు నా దగ్గరే ఉండేది.

ఇంటి ముందు గదిలోనే ఆయన సైకిల్ రిపేరు దుకాణం. పెదవి మీద బీడీ లేకుండా ఆయన్ని నేను చూసింది నిద్రలోనే. ఆ ఏడు ఆయన ఎడమ కాలి బొటనవేలు నల్లబడింది. కాలికి రక్తం సరిగ్గా పోవడం లేదని, బీడీ మానకపోతే వేలితో ఆగదని, పాదమే తీయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. "మానుత సార్. ఎట్ల మానాల్నో గది గూడ చెప్పుండ్రి" అన్నాడు తాతయ్య. డాక్టరు అప్పటికే తర్వాతి చీటీ అందుకున్నాడు.

అది చెప్పేవాళ్ల కోసం మూడు రోజులు తిరిగాం. నేను ఆట ఆడుకుంటూనే ఆయన వెనక నడిచాను. ఒక చోట తాళం వేసిన గది చూపించి, ఇక్కడికొచ్చే సారు తాగుడు మానేవాళ్లనే చూస్తాడన్నారు. ఇంకో చోట హైదరాబాద్ పొమ్మన్నారు, అక్కడ చూసేది మెంటల్ డాక్టరట. ఆ సంగతి విని చాయ్ హోటల్ భాయ్ పకపకా నవ్వాడు. "క్యా ఉస్తాద్, బీడీకి భీ దవాఖాననా? గట్లయితే నా చాయ్‌కి గూడ ఒకటి పెట్టమనుండ్రి." అందరూ నవ్వారు. తాతయ్య కూడా నవ్వాడు, నవ్వుతూనే బీడీ అంటించాడు.

దారి దొరికింది నా చేతిలోనే, అదీ ఫోన్ ఛార్జింగ్ అయిపోయిన పూట. ఏమీ తోచక, చిరాకుగా బీడీ కట్టను అటూ ఇటూ తిప్పుతుంటే, మానాలనుకునేవాళ్లను ఫోన్ చేయమంటూ దాని మీద ఒక నంబరు కనపడింది. రోజుకు రెండు కట్టలు విప్పే మనిషి ఆ చిన్న అక్షరాలను ఏనాడూ చదవలేదు. ఛార్జింగ్ ఎక్కాక ఫోన్ చేస్తే ఒక అమ్మాయి తెలుగులోనే మాట్లాడింది. రోజుకు ఎన్ని, లేవగానే ఎంతసేపటికి మొదటిది, అన్నీ ఓపిగ్గా అడిగింది. మానే రోజు ఆయన్నే ఎంచుకోమంది. ఆయన సోమవారం అన్నాడు. మనసు గుంజినప్పుడు అది కొన్ని నిమిషాలే ఉంటుందని, అంతసేపూ చేతులకు ఏదో ఒక పని చెప్పమని నేర్పింది. "నేనే మళ్ల చేస్తుంట తాతా, సాయంత్రం అయిదింటికి. ఎత్తుండ్రి" అంది.

సోమవారం పొద్దున్నే తాతయ్య ఒక పాత సైకిల్‌ను గడప ముందు తలకిందులుగా నిలబెట్టాడు. బీడీ గుర్తొచ్చినప్పుడల్లా వెనక చక్రాన్ని గట్టిగా తిప్పి, అది ఆగేదాకా దానివైపే చూస్తూ కూర్చునేవాడు. అప్పటికీ గుంజుతుంటే మళ్లీ తిప్పేవాడు. రోజంతా ఇంట్లో ఆ టికటిక శబ్దమే. నాలుగున్నరకు గ్రీజు పోయేలా సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, తుడుచుకుని, స్టూలు మీద కూర్చున్నాడు. అయిదింటికి ఫోన్ వచ్చింది. చక్రం సంగతి చెబితే ఆ పిల్ల మెచ్చుకుందని నాకు రెండుసార్లు చెప్పాడు. మళ్లీ గురువారం చేస్తానందట.

గురువారం అయిదింటికి నేను లోపలి గదిలో ఉన్నాను. ఆటలో నలుగురమే మిగిలాం. గెలుపు ఇంత దూరంలో ఉండగా తెర మీద ఆ నంబరు వచ్చి పడింది. కట్ చేశాను. మళ్లీ వచ్చింది. మళ్లీ కట్ చేశాను. మూడోసారి ఒళ్లు మండి ఆ నంబరును బ్లాక్ చేసేశాను. ఆ ఆట గెలిచానో ఓడానో ఇప్పుడు గుర్తు లేదు.

"వచ్చిందా బిడ్డా?" అని ముందు గదిలోంచి అడిగాడు.

"రాలే."

"పనుంటది పాపం. ఎంతమందికని చేస్తది."

శుక్రవారమూ చేతులు కడుక్కుని కూర్చున్నాడు. శనివారం, "నువ్వే చెయ్యి జర" అన్నాడు. ఫోన్ చెవికి ఆనించుకున్నట్టు నటించి, "కలుస్తలేదు తాతా" అన్నాను. ఆదివారం టికటిక వినపడలేదు. గదిలోకి పొగ వాసన వచ్చింది.

డిగ్రీ చదివే పక్కింటి అక్క మర్నాడు వచ్చి, ఫోన్ ఎందుకు రాలేదో చూస్తానని నా చేతిలోంచి తీసుకుంది. ఒక్క నిమిషంలో కనిపెట్టింది. "ఇది నువ్వు చేసిన పనేనానే? ఆయన కాలు పోతదని తెల్వదా నీకు?" అని చెయ్యెత్తింది. తాతయ్య అడ్డమొచ్చాడు. "కొట్టకు. నువ్వు జర ఆగు." నన్ను సైకిల్ ముందు కూర్చోబెట్టి, ఫోన్‌ను నేల మీద పెట్టించి, చక్రం తిప్పాడు. "గిది ఆగేదాక దాన్ని ముట్టకు."

చక్రం వేగం సగానికైనా తగ్గలేదు, ఫోన్ మీద ఏదో వెలిగింది. నా చెయ్యి దానంతటదే పోయింది. తాతయ్య నా చేతి వైపు చూశాడు, తర్వాత తన వేళ్ల మధ్య ఉన్న బీడీ వైపు చూసుకున్నాడు.

"చూసినవా. నీది నాది ఒకటే రోగం బిడ్డా. నాకు దవాఖాన దొర్కలే. నీకైతే రోగమని గూడ ఎవ్వరు అంటలేరు."

అక్క ఆ నంబరుకు మళ్లీ ఫోన్ చేసింది. వేరే ఎవరో ఎత్తి మళ్లీ మొదట్నుంచి అడిగారు. తాతయ్య మానాడు, మొదలుపెట్టాడు, మళ్లీ మానాడు. వానాకాలంలో హైదరాబాద్‌లో ఆయన ఎడమ పాదం తీసేశారు. ఫోన్ల సంగతి అమ్మకు గానీ మామయ్యకు గానీ ఆయన చెప్పలేదు, అక్కనూ చెప్పనివ్వలేదు. ఆ ఫోన్లు ఎత్తి ఉంటే పాదం దక్కేదా అని తర్వాత ఒక డాక్టరును అడిగాను. చెప్పలేమన్నాడు. ఆ మాటతోనే బతుకుతున్నాను.

తాతయ్య పోయి రెండేళ్లయింది. నాకిప్పుడు పంతొమ్మిది. ఆటల్లో పడి కాలేజీలో ఏడాది పోగొట్టుకున్నాక, మూడు చోట్ల తిరిగాను. ఒక చోట తాగుతావా అని అడిగారు, లేదంటే మరెందుకొచ్చావన్నారు. ఇంకో చోట ఫోన్ పక్కన పడేస్తే సరిపోతుందన్నారు, వాళ్ల మీద అరిచేసి వచ్చాను. మూడో చోట ఒక మేడమ్ పూర్తిగా విన్నారు. ప్రతి గురువారం అయిదింటికి ఆవిడే ఫోన్ చేస్తారు.

నేను ఇంకా పూర్తిగా మానలేదు. కొన్ని వారాలు చాలా ఘోరంగా గడుస్తాయి. కానీ గురువారం నాలుగున్నరకు లేచి చేతులు కడుక్కుంటాను. నా చేతులకు గ్రీజూ లేదు, మసీ లేదు. అయినా సబ్బు పెట్టి రెండుసార్లు కడుక్కుని, తుడుచుకుని, ఫోన్‌ను ఎదురుగా బల్ల మీద పెట్టి, అది మోగేదాకా ముట్టకుండా కూర్చుంటాను.